పరీక్షకిచ్చిన పొడి, ఇంట్లో తిన్న పొడి

నాచారం పారిశ్రామికవాడలో మా ల్యాబు గేటు దగ్గర కూర్చునే సెక్యూరిటీ వాళ్లకు ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉండేది. పక్క ఫ్యాక్టరీలకు సరుకు లారీల్లో వస్తుంది. మాకు మాత్రం స్టీలు టిఫిన్ డబ్బాలో గాడిద పాలు వచ్చేవి. ఇంకోరోజు గోనెసంచిలో లక్ష్మణఫలం ఆకులు. ఒకాయన రాగి చెంబులో నీళ్లు తెచ్చి, అవి మంత్రించిన నీళ్లని, మూత తీయకుండానే పరీక్ష చేయాలని పట్టుబట్టాడు. మూత తీయకుండా చూసే యంత్రం మా దగ్గర ఇంకా లేదని చెప్పి మర్యాదగా సాగనంపాను.

మెదడు క్యాన్సర్‌కు ఆసుపత్రుల బయట జనం వాడుకునే మందుల్లో నిజంగా పని చేసేవి ఏమైనా ఉన్నాయా అని వెతకడం మా విభాగం పని. ఆకులు, వేళ్లు, భస్మాలు, పథ్యాలు, ఏది వచ్చినా పరీక్షించేవాళ్లం. రెండువేల దశకం మొదట్లో ఆ పనిలో చేరి, తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు రిటైరయ్యాను. ఈమధ్య ఈ రంగంలోకి వస్తున్న పిల్లలు కనబడితే ముందు అడిగేది ఒకటే. "మేడం, మీరు ఎన్ని మందులు కనిపెట్టారు?" ఒక్కటీ లేదు. ఆ మాట చెప్పినప్పుడు వాళ్ల మొహాలు చూసి నాకు నవ్వొస్తుంది. మరి ఇన్నేళ్లూ ఏం చేశావమ్మా అంటే, చెబుతాను.

గిన్నెలో చావడం గొప్ప కాదు

కొత్తగా చేరిన ప్రతివాళ్లూ ఏదో ఒకరోజు పరిగెత్తుకుంటూ వస్తారు. "మేడం, పసుపు సారం వేస్తే గిన్నెలో క్యాన్సర్ కణాలన్నీ చచ్చిపోయాయి!"

"బ్లీచింగ్ పౌడర్ వేసి చూడు, ఇంకా తొందరగా చస్తాయి" అనేదాన్ని.

చిన్నబుచ్చుకునేవాళ్లు. నాకు కాస్త నోటి దురుసు ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ మాట నిజం. గాజు గిన్నెలో కణాన్ని చంపడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. మనిషి మింగిన మందు కడుపులో అరగాలి, కాలేయం దాటాలి, రక్తంలో కలవాలి, అప్పుడు మెదడు గుమ్మం దాకా వెళ్లాలి. మెదడులోని రక్తనాళాల గోడలు ఎవర్ని పడితే వాళ్లను లోపలికి రానివ్వవు. పెద్ద కంపెనీల మందుల్లోనే చాలావాటికి అక్కడ ప్రవేశం లేదు. ఇక మన ఆకు కషాయం ఎంత?

అలాగని వెక్కిరించడమూ మంచిది కాదు. మేముండే ఉప్పల్లో ప్రతి ఇంటి ముందూ పూసే బిళ్లగన్నేరు నుంచే క్యాన్సర్ మందు వచ్చింది. ఆ మొక్కను చూసి ముందే నవ్వేసిన వాళ్లుంటే ఆ మందు వచ్చేది కాదు. పైగా మన దగ్గరికి డబ్బా పట్టుకుని వచ్చినవాళ్లు అమాయకులై రాలేదు, ఇంట్లో మనిషి తల పట్టుకుని ఏడుస్తుంటే చూడలేక వచ్చారు. వెటకారం నేను మా పిల్లల మీదే చూపించాను తప్ప వాళ్ల మీద చూపించలేదు.

మా డైరెక్టరు గారు

మా డైరెక్టరు భాస్కరరావు గారిదీ మా గుంటూరు జిల్లానే. మొక్కల రసాయనాల్లో ఆయనకున్నంత జ్ఞానం ఉన్నవాళ్లను నేను మళ్లీ చూడలేదు. ఆయన పెట్టిన నియమం ఒకటి గోడ మీద రాసి ఉండేది: మంచి ఫలితం వచ్చిన రోజు ఎవరికీ ఫోన్ చేయకండి. ముందు మళ్లీ చేసి చూడండి, ఎక్కడ తప్పిందో వెతకండి, సంబరపడాలంటే ఆ తర్వాత పడండి. ఇంత మంచి నియమం పెట్టిన మనిషే దాన్ని ఒకసారి మరిచిపోయారు. ఆయన్ని మరిపించినవాడు యాదగిరి.

యాదగిరిది మల్లాపూర్‌లో చిన్న లేత్ వర్క్‌షాపు. మా ల్యాబులో ఎలకల బోన్లకు ఫ్రేములు చేసిచ్చేవాడు. పుట్టిందీ పెరిగిందీ నాచారంలోనే. ఒక మధ్యాహ్నం మిషన్ దగ్గరే ఫిట్స్ వచ్చి పడిపోయాడు. తలలో గడ్డ అన్నారు. ఆపరేషన్ చేసి తీయగలిగినంత తీశారు. మిగిలినదానికి కరెంటు పెట్టాలన్నారు, అంటే రేడియేషన్. ఆ కరెంటుకే అతను భయపడ్డాడు. వాళ్ల బస్తీలో ఎవరికో కరెంటు పెట్టాక మాట పడిపోయిందని విన్నాడట. ఫిట్స్ రాకుండా ఇచ్చిన గోలీలు తప్ప ఆసుపత్రి మందులన్నీ మానేసి, నారపల్లిలో మల్లయ్య అనే వైద్యుడి దగ్గర పొడి తెచ్చుకుని, తేనెలో కలిపి తినడం మొదలుపెట్టాడు.

కొన్ని వారాలకు ల్యాబుకొచ్చాడు. అంతకుముందు కుడిచేత్తో గ్లాసు పట్టలేనివాడు, అదే చేత్తో మా ఇనుప స్టూలును పైకెత్తి చూపించాడు.

"సూడున్రి సార్. తలనొప్పి లేదు, ఏం లేదు. మల్లయ్య మామ పొడి మస్తు పని జేసింది."

భాస్కరరావు గారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అదే రోజు ఆయన నలుగురికి ఫోన్ చేశారు.

మల్లయ్య గారు

మల్లయ్య గారు తెల్ల పంచె కట్టుకుని, మనవడి మోటారు సైకిలు మీద వచ్చారు. మందు తండ్రి నేర్పింది. నారపల్లి గుట్టల దగ్గర పెరిగే ఒక తీగ దానికి ఆధారం. దాని పేరు ఇక్కడ రాయను, రాస్తే రేపే ఎవరో పొడి కొట్టి అమ్మకానికి పెడతారు.

పరీక్షకు కొంచెం పొడి కావాలన్నాం. ఆయన ఒప్పుకున్నారు. మంచి రోజు చూసి, కొత్త స్టీలు డబ్బాలో, మూతకు పసుపుదారం చుట్టి తెచ్చిచ్చారు.

"మీ అసొంటి పెద్దోళ్లు అడిగిన్రని నా చేతులతోని నూరి తెచ్చిన. జర మంచిగ సూడున్రి" అన్నారు.

చూశాం. గిన్నెలో వేశాం, వేడి చేసి వేశాం, చల్లార్చి వేశాం. నెలలు గడిచాయి. కణాలు ఆ పొడిని ఏమాత్రం పట్టించుకోలేదు, హాయిగా పెరిగాయి. భాస్కరరావు గారు మాత్రం ఒప్పుకోలేదు. "శరీరంలోకి వెళ్లాక మారుతుందేమోనమ్మా. మనిషి కళ్లెదుట లేచి తిరుగుతుంటే పని చేయడం లేదని ఎలా అంటాం?" అన్నారు. ఆ మాటలో తప్పేం లేదు. యాదగిరి నిజంగానే లేచి తిరుగుతున్నాడు. ఎలకల మీద ప్రయోగాలకు ఏర్పాట్లు మొదలయ్యాయి.

నిండిన మొఖం

యాదగిరి ఏం తింటున్నాడు, ఎలా నిద్రపోతున్నాడు అనే వివరాల కోసం నేను వాళ్లింటికి వెళ్లాను. అతని భార్య సుజాత తలుపు తీసింది. లోపల యాదగిరి భోంచేస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు. బుగ్గలు రెండూ గుండ్రంగా ఉబ్బి, కళ్లు చిన్నవైపోయాయి.

"మొఖం ఎట్ల నిండిందో సూడున్రి మేడం" అంది సుజాత మురిసిపోతూ. "ఆపరేషన్ అయినంక గిట్ల ఎండిపోయిండు. ఇప్పుడు ఆకలి మస్తయితున్నది. బస్తీల అందరు కళ వచ్చిందంటున్రు."

"రాత్రి నిద్ర పడుతుందా?"

"నిద్రే సక్కగ పడ్తలేదు. లేశి ఇల్లంత సదురుతడు."

మా అమ్మకు ఉబ్బసం. స్టెరాయిడ్ గోలీలు వేసుకున్న రోజుల్లో ఆమె మొహం అచ్చం ఇలాగే ఉండేది. ఇదే ఆకలి, ఇదే నిద్రలేమి.

సుజాతను అడిగాను, రోజూ ఒకేలా ఉంటాడా అని. ఆమె మొహం వాడిపోయింది. కొన్ని రోజులు బాగుంటాడు, కొన్ని రోజులు మళ్లీ తలనొప్పి, వాంతులు. అది పథ్యం తప్పినందుకేనని ఆమె నమ్మకం. వంకాయ పెట్టొద్దని మల్లయ్య గారు చెప్పారట. యాదగిరికి వంకాయ అంటే ప్రాణం. ఒకరోజు అతను బతిమాలుతుంటే మనసు ఆగక వండి పెట్టింది. ఆ మర్నాడే తల పట్టుకుని పడిపోయాడు.

"నా చేతులతోని నేనే జేసిన మేడం. గప్పటిసంది వంకాయ ఇంట్లకు తేలే" అంది. ఆ మాట అంటున్నప్పుడు మొగుడి వైపు చూడలేదు.

అప్పుడే నాకు ఇంకో సంగతి తట్టింది. ఇన్ని నెలలుగా మేం పరీక్షించింది పసుపుదారం కట్టిన డబ్బాలోని పొడిని. యాదగిరి తినే పొట్లాన్ని ఒక్కరమూ అడగలేదు. ఇంటికొచ్చిన పెద్దవాళ్లకు మంచి కంచం తీసి పెడతారు. ఆ మంచి కంచం చూసి వాళ్లు రోజూ తినేది అదే అనుకున్నాం. వాడిన పొట్లాలు, వాడనివి కలిపి కొన్ని ఇమ్మని సుజాతను అడిగి తెచ్చుకున్నాను.

పలక

పరీక్ష పెద్ద కష్టమైంది కాదు. ఒక చిన్న పలక మీద పొడి సారాన్ని చుక్కగా పెడతాం, పక్కన తెలిసిన స్టెరాయిడ్ చుక్క పెడతాం. అడుగున ద్రవం పోస్తే అది పైకి పాకుతూ చుక్కల్ని ఎక్కడికక్కడ తీసుకుపోతుంది. అతినీలలోహిత దీపం కింద పెట్టి చూస్తే, యాదగిరి పొట్లంలోంచి వచ్చిన మచ్చ స్టెరాయిడ్ మచ్చ పక్కన సరిగ్గా అదే ఎత్తులో నిలబడింది. మల్లయ్య గారి డబ్బా పొడిలో ఆ మచ్చ లేనే లేదు. పొట్లాలన్నీ ఒకేలా లేవు కూడా. ఒకదానిలో ఎక్కువ, ఒకదానిలో తక్కువ. ఆ ఎక్కువ తక్కువలనే పాపం సుజాత వంకాయ ఖాతాలో వేసుకుంది.

తలలో గడ్డ ఉన్నప్పుడు దాని చుట్టూ వాపు ఉంటుంది. స్టెరాయిడ్ ఆ వాపును దించుతుంది. నొప్పి పోతుంది, చేతికి బలం వస్తుంది, మనిషి లేచి తిరుగుతాడు. గడ్డ మాత్రం ఉన్నచోటే ఉండి తన పని తాను చేసుకుంటుంది. ఆసుపత్రిలో మొదటిరోజే అతనికి ఇచ్చిన మందు అదే.

భాస్కరరావు గారు పలకను చాలాసేపు చూశారు. తర్వాత ఫోన్ తీశారు. "వెంటనే ఆ పొడి ఆపేయమని చెబుతాను."

"ఆపొద్దు సార్" అన్నాను. గొంతు పెద్దదైంది. "ఇన్నాళ్లు తిని ఒక్కసారి ఆపితే వాపు తిరిగొస్తుంది. మనిషి కూలిపోతాడు. ముందు డాక్టరుతో మాట్లాడండి."

ఆయన కోపగించుకోలేదు. ఆపరేషన్ చేసిన డాక్టరుకే ఫోన్ కలిపారు. డాక్టరు కూడా అదే చెప్పారు. పొడి బదులు కొలతతో గోలీ ఇచ్చి, మెల్లగా తగ్గించాలి. కరెంటు ఇప్పుడు పెట్టిస్తే కొన్నేళ్లు మంచిగా బతికే అవకాశం ఉంది, ఇంకా ఆలస్యం చేస్తే తన చేతిలో కూడా ఏమీ ఉండదన్నారు. అంటే యాదగిరి తన కాళ్ల మీద తాను ఆసుపత్రికి రావాలి. ఒంట్లో బాగుందని సంబరపడుతున్న మనిషిని, నీకు బాగాలేదు, పదమని ఎవరు ఒప్పిస్తారు?

నేను ఫోన్లో ప్రయత్నించాను. సుజాత మధ్యలోనే అడ్డుకుంది. "మందు పడ్తున్నది గదా మేడం. మీరెందుకు పరేషాన్ జేస్తున్రు?" అని పెట్టేసింది.

నారపల్లి

మర్నాడు నేనూ భాస్కరరావు గారూ నారపల్లి వెళ్లాం. మల్లయ్య గారి ఇంటి చుట్టూ అప్పటికే పొలాల్లో ప్లాట్ల రాళ్లు పాతేశారు. తీగ పెరిగే గుట్టను సగం తవ్వేశారు.

సంగతి చెబితే ఆయన ముందు నమ్మలేదు. తర్వాత లోపలికి వెళ్లి ఒక సంచి తెచ్చి మా ముందు పెట్టారు. తీగ దొరకడం తగ్గిపోయాక, ఒక ఏజెంటు 'బలం పొడి' అని తెచ్చి అమ్మాడట. మందు కొంచెమే అయినా ఇది కలిపితే సరిపోతుందన్నాడట.

"మాకిచ్చిన డబ్బాలో ఇది కలపలేదా?" అని అడిగాను.

"పరీక్షకు కలిపింది ఎట్లిస్త బిడ్డా? పరీక్షకు సొక్కమైందే ఇయ్యాలె గద."

ఆయన అరుగు మీద కూర్చుని చేతులు చూసుకున్నారు. "ఇది కలిపిన కాన్నుంచి జనం మస్తు వచ్చిన్రు. మల్లయ్య హస్తవాసి మంచిగున్నది అన్నరు. నేను గూడ గట్లనే అనుకున్న. మా నాయిన హస్తవాసి నాకొచ్చిందనుకున్న."

ఆయన మీద తెచ్చుకున్న కోపమంతా ఎటో పోయింది. ఆయనే లేచి కండువా భుజాన వేసుకున్నారు. "నడువున్రి, యాదగిరి ఇంటికి పోదాం. మీరు జెప్తే ఇనరు. నేనే జెప్తా."

వంకాయ కూర

యాదగిరి ఇంట్లో మల్లయ్య గారు కుర్చీ వేసినా కూర్చోలేదు. నిలబడే చెప్పారు.

"అల్లుడా, నిన్ను లేపింది నా మందు గాదు. దవాఖానాల ఇచ్చిన గోలీల ఉన్న మందే నా పొడిల కలిసొచ్చింది. నాకు తెల్వక నీకిచ్చిన. నువ్వు పోయి కరెంటు పెట్టిచ్చుకో."

సుజాత ఆయన మీద విరుచుకుపడింది. "నీ మీద నమ్మకంతోని దవాఖానా ఇడిసిపెట్టినం గదనే మామా!" అని ఏడ్చింది. ఆయన తల వంచుకుని నిలబడ్డారు.

యాదగిరి మాత్రం నా వైపు తిరిగాడు. "అంటే మేడం, దవాఖానా గోలీ చేదున్నదని పారేశి, గదే గోలీ తేనెల కలుపుకొని తిన్ననా?"

"అంతే యాదగిరి గారూ."

"థూ, నా తెలివి తెల్లారినట్టే ఉన్నది" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది. సుజాత ఇంకా కళ్లు తుడుచుకుంటోంది. పొట్లాలన్నీ ఒకేలా లేవని, మందు తక్కువ పడిన రోజే తలనొప్పి వచ్చేదని ఆమెకు చెప్పాను.

ఆమె ఏడుపు ఆపి నన్ను చూసింది. "అయితే నా వంకాయ కూరతోని గాదా?"

"కాదమ్మా. వంకాయకు దీనికి సంబంధమే లేదు."

"నిజంగనా? నీ మీదొట్టా?"

"నా మీదొట్టు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్ని నెలలు ఆ పిల్ల మొగుడిని తానే చంపుకుంటున్నాననుకుంటూ బతికింది. అప్పటిదాకా మా మాట వినని మనిషి, ఏడుపు తగ్గాక లేచి బీరువాలోంచి స్కానింగుల కవరు తీసి నా చేతిలో పెట్టింది. "ఎప్పుడు పోవాలె దవాఖానాకు?" అని అడిగింది. తర్వాత నేను ఎన్ని సభల్లో ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా, ఆ వంకాయ మాట చేసిన పని ఏదీ చేయలేదు.

చేరబోయేవాళ్లకు

యాదగిరికి కరెంటు పూర్తయింది, మాట పడిపోలేదు. మల్లయ్య గారు ఆ సంచిని తెచ్చి మాకు అప్పగించారు. ఏజెంటు సంగతి అధికారులకు తెలియజేశాం, వాడు దొరకలేదు. మల్లయ్య గారు ఆ తర్వాత కూడా పసరు వైద్యం చేశారు కానీ, తలనొప్పి అని ఎవరొచ్చినా ముందు స్కానింగు చూపించమనేవారు. జనం తగ్గారు. ఆయనకు దాని గురించి పెద్ద బెంగ ఉన్నట్టు కనిపించలేదు.

భాస్కరరావు గారు గోడ మీద తన నియమం కింద ఇంకో వాక్యం రాయించారు: రోగి తింటున్నది తెచ్చి చూడండి. పిల్లలూ, మీకు నేను చెప్పేదీ ఇంతే. కొత్త మందు దొరికితే సంతోషం. దొరకని రోజుల్లో కూడా ఈ పనిలో చేయాల్సింది బోలెడు ఉంది. పొట్లం పట్టుకుని వచ్చినవాళ్లను కసిరితే పొట్లం దాచేస్తారు, తినడం మాత్రం మానరు. వాళ్ల ఇంటికి వెళ్లండి, ఏం వండుతున్నారో అడగండి, ఏ రోజు ఎందుకు బాగాలేదనుకుంటున్నారో వినండి. నేను ఒక్క మందూ కనిపెట్టలేదు. కొందరిని మాత్రం టైముకి ఆసుపత్రికి వెనక్కి పంపించాను. ఆ మాట తలుచుకుంటే నాకు తృప్తిగానే ఉంటుంది.

రాష్ట్రం వచ్చిన రోజు

తెలంగాణ వచ్చిన రోజు ఉప్పల్ రింగురోడ్డంతా డప్పులు, గులాబీ రంగు. మా గుంటూరు చుట్టాలు పొద్దున్నుంచి ఫోన్లు చేస్తున్నారు, ఇల్లెప్పుడు అమ్ముతున్నారు, ఎప్పుడు వచ్చేస్తున్నారు అని. ఇన్నేళ్లున్న ఊళ్లో నేను ఎవరినో నాకే తెలియనట్టు, మనసు ఒక రకంగా ఉంది. సెలవైనా కణాలకు ఆహారం మార్చాలి కాబట్టి ల్యాబుకు వెళ్లాను.

మధ్యాహ్నం గేటు దగ్గర హారన్ మోగింది. స్కూటీ సుజాత నడుపుతోంది. ఫిట్స్ వచ్చినవాళ్లు బండి నడపకూడదని ఆమే నేర్చుకుంది. వెనకాల యాదగిరి, ఒళ్లంతా గులాల్, చేతిలో మిఠాయి డబ్బా. ఈ మధ్య ఏళ్లలో ఎప్పుడో నేను అతనికి మేడం నుంచి అక్కనయ్యాను.

"ఏందక్కా, మీవోళ్లంత పోతున్రంట గద. నువ్వు గూడ పోతవా?"

"పొమ్మంటే పోతాను" అన్నాను.

"ఎవడంటడే పొమ్మని?" నిజంగానే కోపం వచ్చింది అతనికి. "వచ్చే నెల నాకు స్కానింగ్ ఉన్నది. నువ్వు పోతే ఎవలు సూస్తరు?"

సుజాత డబ్బా మూత తీసి నా నోట్లో లడ్డూ పెట్టింది. యాదగిరి జేబులోంచి గులాల్ పొట్లం తీసి నా చేతిలో పోసి, నా ముందు తల వంచాడు. కరెంటు పెట్టినచోట జుట్టు మళ్లీ మొలవలేదు. అరచేయంత మేర నున్నగా ఉంటుంది.

"గీడ పెట్టక్కా" అన్నాడు. "ఎంటికలు లేవు, మంచిగ అంటుతది."

చేతిలోని గులాల్ అక్కడే పెట్టాను.